రైఫిల్‌తో పాటు రేంజికి వెళ్లేవి

శనివారం షూటింగ్ రేంజిలో ప్రాక్టీసు ఉంటే శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక సామానంతా మంచం మీద పరుస్తాను. ఆ పని ఎవరికీ అప్పగించను. నాన్న మాత్రం కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ బ్యాగులోకి వెళ్తుంటే పేరు పైకి చదువుతారు. ఉద్యోగంలో స్టోర్సు చూసిన మనిషి, లెక్క తప్పనివ్వరు.

నేను సాధన చేసేది పది మీటర్ల ఎయిర్ రైఫిల్. టార్గెట్ నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. పోటీలో అరవై గుండ్లు కాల్చాలి, డెబ్బై అయిదు నిమిషాల్లో. ప్రతి గుండుకూ రైఫిల్ వెనుక చివర ఉండే బట్ ప్లేట్ భుజం మీద అదే చోట ఆనాలి, చెంప అదే చోట తగలాలి, పాదాలు అదే కోణంలో నిలవాలి. దారిలో వీటికి సంబంధించిన స్క్రూ ఒక్కటి వదులైనా రేంజిలో మొదటి అరగంట దాన్ని వెతకడానికే సరిపోతుంది. సామాను మోసుకెళ్లడం కూడా ఈ ఆటలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను. కదలగలిగిన ప్రతి చోటా సన్నని తెల్ల టేపు అంటించి, పెన్సిలుతో గీత గీసి ఉంచాను. పెట్టె మూయడానికి ముందు ఒకసారి, రేంజిలో తెరవగానే ఒకసారి ఆ గీతలు చూసుకుంటాను.

గురి చూసే వెనుక సైట్ విప్పి దాని డబ్బాలో పెడతాను. రైఫిల్లో అన్నిటికంటే సున్నితమైనది అదే. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్ మొదలయ్యే ముందు తన రైఫిల్ సైట్ తేడాగా ఉందని అభినవ్ బింద్రా గమనించి, ఉన్న కొద్ది వ్యవధిలోనే సరిచేసుకుని స్వర్ణం గెలిచారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి సైట్ డబ్బాను నా చేతి సంచిలోనే ఉంచుకుంటున్నాను, డిక్కీలో వేయను.

కోటుది వేరే కథ. కాన్వాసు, తోలు కలిపి కుట్టిన ఈ కోటు వీపును నిలబెడుతుంది. నిబంధనల ప్రకారం బట్ట ఒక పొర రెండున్నర మిల్లీమీటర్లకు మించకూడదు, బిగువుకూ పరిమితి ఉంది. మడిస్తే మడత దగ్గర మెత్తబడిపోతుంది, ఆ మెత్తదనం ఇక పోదు. అందుకని దాన్ని లావుపాటి చెక్క హ్యాంగరుకు తగిలించి, కారు వెనుక సీటు మీద చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెడతాం. బూట్లు గుడ్డ సంచిలో వెళ్తాయి. వాటితో రోడ్డు మీద ఒక్క అడుగు కూడా వేయను. అడుగుభాగం బల్లపరుపుగా ఉండాలి, దుమ్ము అంటితే నిలబడి కాల్చే లేన్‌లో జారుతుంది.

పెల్లెట్ల (ఈ రైఫిల్లో వాడే చిన్న గుండ్ల) డబ్బాను తువ్వాలులో చుట్టి, మూతకీ గుండ్లకీ మధ్య స్పాంజి ముక్క పెడతాను. అవి సీసంతో చేసినవి, వెనుక అంచు కాగితంలా పలుచన. డబ్బాలో గలగలలాడితే ఆ అంచు సొట్టలు పడుతుంది. సీసం కాబట్టే టిఫిన్ బాక్సు ఈ సామానుతో కలవదు, దానికి వేరే సంచి. ఇది అమ్మ పెట్టిన నియమం. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఇడ్లీ ముట్టుకుంటే ఆవిడ ఊరుకోదు. అమ్మ మాటే సరైనది.

ఈరోజు ఏడున్నరకు బయలుదేరాం. పెట్టెకు తాళం, లోపల రైఫిల్ గొట్టంలో గుండు లేదని చూపే నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్, మూత లోపలి వైపు ప్లాస్టిక్ కవరులో రైఫిల్ కొన్న బిల్లు, నా షూటర్ కార్డు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం నాలుగున్నర మిల్లీమీటర్లకూ, ఇరవై జౌళ్ల శక్తికీ మించని ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కర్లేదు. అయినా ఆ కాగితాలు ఎప్పుడూ వెంట ఉండాల్సిందే. దారిలో ఎవరైనా అడిగితే మర్యాదగా చూపించగలగాలి. పెట్టె మాత్రం రేంజిలో తప్ప ఎక్కడా తెరవను, ఎంత తెలిసినవాళ్లు అడిగినా సరే.

మియాపూర్ దాటాక నాన్న బీపీ మాత్రల కోసం మందుల షాపు దగ్గర ఆగాల్సి వచ్చింది.

"నువ్వు దిగకమ్మా, నేనే తెచ్చుకుంటాను. ఏసీ ఆపకు" అన్నారు.

ఆయన ఆలోచన రైఫిల్ గురించే. గుండును తోసే గాలిని రెండువందల బార్ల పీడనంతో నింపిన రైఫిల్ సిలిండరు మే నెల ఎండలో, మూసిన కారులో ఉండకూడదు. వేడికి లోపలి పీడనం పెరుగుతుంది, రబ్బరు సీళ్లు పాడవుతాయి. ఆయన వచ్చేదాకా కారులోనే కూర్చున్నాను.

గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోకి మలుపు తిరగగానే చెట్ల నీడకు ప్రాణం లేచి వచ్చింది. లేన్‌లో సామాను తీసే క్రమం కూడా నాకు మారదు. ముందు స్టాండు, తరువాత పెట్టె, సైట్, చివర కోటు. కోటు తొడిగాక వంగడం కష్టం, నేల మీద పనులన్నీ అంతకు ముందే అయిపోవాలి. ఈ సర్దుడంతా అయ్యేసరికి ఆఫీసు మెయిళ్లు, అద్దె ఇంటి నీళ్ల గొడవ, అన్నీ తల లోంచి దిగిపోయి ఉంటాయి. ఈరోజు గీతలన్నీ గీతల మీదే ఉన్నాయి. సైట్‌ను రెండు క్లిక్కులు తిప్పితే చాలింది. పక్క లేన్‌లో కొత్తగా చేరిన పదో తరగతి అమ్మాయి కోటు మడిచి బ్యాగులో కుక్కి తెచ్చుకుంది. నా దగ్గర అదనంగా ఉన్న హ్యాంగరు ఇచ్చేశాను. వచ్చే వారం తను కూడా టేపు తెచ్చుకుంటానంది.

ఇంటికి రాగానే కోటును ఫ్యాను కింద వేలాడదీశాను. ఎండలో వేస్తే తోలు బిరుసెక్కి పగుళ్లిస్తుంది. లోపలి బనియన్లు ఉతకడానికి వేసి, శుభ్రం చేయడానికి రైఫిల్ గొట్టంలో రెండు ఫెల్టు గుళికలు తోశాను. సిలిండరు తుడుస్తుంటే దాని మీద చెక్కిన తయారీ తేదీ కనిపించింది, 2017. వాటి ఆయుష్షు పదేళ్లే, ఆ తరువాత పోటీల్లో అనుమతించరు. కొత్తది విదేశం నుంచి రావడానికి నెలలు పడుతుంది కాబట్టి వచ్చే జీతంలోంచి కొంత తీసిపెట్టి ఇప్పుడే ఆర్డరు ఇద్దామని నాన్నతో అన్నాను. ఆయన అప్పటికే డైరీలో రాసుకున్నారట, డీలరుకు సోమవారం ఫోను చేద్దామన్నారు.