మలుపులో కట్టిన బ్యానర్

నిన్న సాయంత్రం పక్క వీధిలోంచి మెయిన్ రోడ్డు మీదికి బండి తిప్పుతుంటే కుడివైపు నుంచి ఏం వస్తోందో అస్సలు కనపడలేదు. మూల మీద రెండు కర్రలు పాతి, సరిగ్గా కళ్ళ ఎత్తులో ఒక బ్యానర్ కట్టేశారు. మెల్లగా ముందుకు జరుపుతూ వెళ్తే ముందు చక్రం రోడ్డెక్కాక గానీ బస్సు కనిపించలేదు. ఆ డ్రైవర్ గట్టిగా బ్రేక్ కొట్టడంతో బయటపడ్డాను. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

రోడ్డు పక్క ప్రకటనలంటే అందరికీ పెద్ద హోర్డింగులే గుర్తొస్తాయి. అవి కూలితే ఏమవుతుందో 2024 మే 13న ముంబైలోని ఘాట్కోపర్‌లో చూశాం. 40 అడుగులు దాటకూడని చోట సుమారు 120 అడుగులది నిలబెట్టారు, అది గాలివానకు పెట్రోల్ బంక్ మీద పడి 17 మంది చనిపోయారు. పునాది ఎంత లోతు, గాలి ఒత్తిడికి ఆగుతుందా అన్నది ఇంజనీరు చూసి సంతకం పెట్టకుండా అంత పెద్ద బోర్డుకి అనుమతి ఇవ్వనే కూడదు. కానీ మనకి రోజూ అడ్డం పడేది మాత్రం మలుపుల్లో, స్తంభాలకీ డివైడర్లకీ కట్టే చిన్న బోర్డులు, వాటిని ఎవరూ లెక్కలోకే తీసుకోరు.

కూడలి దగ్గర రెండు రోడ్లు కలిసే మూలని ఖాళీగా ఉంచాలని నిబంధనలు రాసేవాళ్ళు ఎందుకంటారో బండి మీద కూర్చుని చూస్తే తెలుస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు ముందుకొస్తుంది. డ్రైవర్ రెండు సెకన్లు బోర్డు చదివాడంటే 33 మీటర్లు రోడ్డు చూడకుండా వచ్చేసినట్టే, ఆ మధ్యలో ఒక పిల్లాడు రోడ్డు దాటడం మొదలుపెట్టి ఉండొచ్చు. అందుకే బోర్డు మీద మాటలు తక్కువ ఉండాలి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి, ఫోన్ నంబర్లు, అడ్రసులు, పది ఫొటోలు కుక్కిన ఫ్లెక్సీ అసలు రోడ్డు మీద పెట్టే వస్తువే కాదని నా అభిప్రాయం.

1968లో వియన్నాలో కుదిరిన రోడ్డు గుర్తుల ఒప్పందంలో ఈ విషయం స్పష్టంగానే ఉంది. ట్రాఫిక్ గుర్తులా భ్రమ కలిగించేది, ఉన్న గుర్తుని కనపడకుండా చేసేది, కళ్ళు చెదరగొట్టేది, ప్రమాదం తెచ్చేలా దృష్టి మళ్ళించేది ఏదీ పెట్టకూడదు. ట్రాఫిక్ గుర్తు ఉన్న స్తంభానికి దానితో సంబంధం లేనిది ఏదీ తగిలించకూడదు కూడా. సిగ్నల్ వెనకాల ఎర్రగా, పచ్చగా మెరిసే ఎల్ఈడీ బోర్డు పెడితే ఇందులో ఎన్ని తప్పులు ఒకేసారి జరుగుతాయో చూడండి. రాత్రిపూట వెలుతురు తగ్గించకుండా వదిలేసిన తెర ఇంకా ఘోరం, దాని పక్కన నడిచే మనిషి డ్రైవర్ కంటికి ఆనడు.

ఇంకో పొరపాటు, తారు ఎక్కడ అయిపోతే అక్కడ రోడ్డు అయిపోయిందనుకోవడం. రోడ్డు హద్దు చాలాసార్లు తారు దాటి కాలువ, ఫుట్‌పాత్, మార్జిన్ దాకా ఉంటుంది. మా షాపు ముందే కదా అని పెట్టిన స్టాండు నిజానికి అందరి స్థలంలో ఉంటుంది, చూపు సరిగా లేనివాళ్ళు, వీల్‌చైర్ మీద వెళ్ళేవాళ్ళు దాన్ని తప్పించుకోవడానికి వాహనాల మధ్యకి దిగాలి.

మరి చిన్న వ్యాపారం గురించి నలుగురికీ ఎలా తెలుస్తుంది అంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 1968లోనే రోడ్ల పక్క హోర్డింగులు నిషేధించింది, కానీ ఎవరి షాపు దగ్గర వాళ్ళు బోర్డు పెట్టుకోవచ్చు, దారి చూపడానికి అందరికీ ఒకే తరహా సూచిక బోర్డులు ప్రభుత్వమే ఇస్తుంది. పెద్ద డబ్బున్నవాడిదీ, చిన్నవాడిదీ అక్కడ ఒకే సైజు. బ్రెజిల్‌లో సావో పాలో నగరం 2007 నుంచి హోర్డింగులు తీయించేసి, షాపుల బోర్డుల సైజుకి కూడా హద్దు పెట్టింది. అంత దూరం వెళ్ళమని నేననడం లేదు, కనీసం మూలలు వదిలేయండి.

ఈ ఉదయం అదే చోటికి వెళ్ళి, బండి మీద కూర్చున్నప్పుడు నా కళ్ళు ఉండే ఎత్తు నుంచే ఫొటో తీశాను. బ్యానర్‌ని ఎదురుగా నిలబడి తీస్తే మామూలు బ్యానర్‌లాగే కనిపిస్తుంది, పక్క వీధిలోంచి తీస్తేనే రోడ్డు ఎంత మేర మాయమైందో తెలుస్తుంది. స్తంభం నంబరు రాసి ఫిర్యాదు పంపాను. ఆ బ్యానర్‌లో రాసిన కార్యక్రమం అయిపోయి అప్పటికే వారం దాటింది.