పైపన్నుది ఒక కథ, కిందిపన్నుది ఇంకో కథ

పలమనేరు వాళ్లకి చలి కొత్త కాదు. కింద చిత్తూరులో ఇంకా ఫ్యాన్లు తిరుగుతుండగానే మేం స్వెట్టర్లు బయటికి తీస్తాం. నాకు బంగారుపాళ్యం దగ్గర స్కూల్లో ఉద్యోగం. రోజూ పొద్దున్నే బైక్ మీద మొగిలి ఘాట్ దిగాలి. కిందటి ధనుర్మాసంలో జలుబు పట్టుకుని ముక్కు రెండువైపులా మూసుకుపోయింది. నోటితో గాలి పీల్చుకుంటూ ఘాట్ దిగుతుంటే ఎడమవైపు కింద పళ్లు జివ్వుమనేవి. నోరు మూస్తే వెంటనే ఆగేది. కానీ ముక్కు ఆడనప్పుడు నోరెంతసేపు మూసుకుంటాం?

దానికి తోడు పైన, బుగ్గ ఎముక కింద, ఇంకో నొప్పి. ఇది జివ్వుమనే రకం కాదు, బరువుగా పీకుతూ ఉండేది. పై దవడ పళ్లన్నీ కలిసి నొచ్చేవి, ఏ పన్ను అని వేలు పెట్టి చూపించమంటే చూపించలేను. బూట్ల లేసు కట్టుకోవడానికి వంగితే ఎక్కువయ్యేది. మెట్లు దిగుతుంటే అడుగు పడినప్పుడల్లా పైపళ్లు అదిరేవి.

మా అమ్మ "లవంగం పెట్టుకో నాయనా" అంది. లవంగంలో ఉండే యూజెనాల్‌కి తిమ్మిరెక్కించే గుణం ఉంది కాబట్టి కాసేపు హాయిగానే ఉంటుంది. లవంగం నూనె నేరుగా పూస్తే మాత్రం చిగురు మండి తెల్లబడుతుంది. స్కూల్లో ఒక సారు నొప్పి బిళ్ల నలిపి పన్ను పక్కన పెట్టుకోమన్నారు. అది ఇంకా ప్రమాదం. ఆస్పిరిన్ లాంటి బిళ్ల చిగురు మీద ఉంటే అక్కడి చర్మం కాలిపోతుంది.

ఊళ్లో ఒక క్లినిక్‌కి వెళ్తే ఎక్స్‌రే తీసి, "ఇందులో పెద్దగా ఏమీ కనపడలేదు, అయినా పై దవడ పన్నుకి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసేద్దాం" అన్నారు. ఏమీ కనపడనప్పుడు ఆ పన్నే ఎందుకని అడిగితే, నొప్పి ఉంది కదా అన్నారు. తిరుపతిలో ఉండే మా అక్కకి ఫోన్ చేశాను. "పన్ను ఎక్కడికీ పారిపోదు, ఇక్కడ డెంటల్ కాలేజీలో చూపించుకుందువు గానీ రారా" అంది.

అక్కడ చదువుతున్న ఒక డాక్టరమ్మ చూసిన తీరు నాకు నచ్చింది. ముందు అద్దం కాడతో పళ్లన్నీ ఒక్కొక్కటిగా తట్టింది. తర్వాత చల్లటి స్ప్రే కొట్టిన దూదిని ఒక్కో పన్నుకీ తాకించి, జివ్వుమనగానే చెయ్యెత్తమని, తగ్గగానే దించమని చెప్పింది. దూది తియ్యగానే నొప్పి పోతే లోపలి నరం బాగున్నట్టే. దూది తీశాక కూడా చాలాసేపు సలుపుతుంటేనో, రాత్రిపూట దానంతట అదే నొప్పితో నిద్ర లేపుతుంటేనో రూట్ కెనాల్ సంగతి ఆలోచించాలి. పైపళ్లు చల్లదనానికి మామూలుగానే ఉన్నాయి. కిందివి చురుక్కుమని వెంటనే సర్దుకున్నాయి.

చేతికి అద్దం ఇచ్చి చూడమంది. కింద చిన్న దవడ పళ్ల మీద, సరిగ్గా చిగురు అంచున, చెట్టు మొదట్లో గొడ్డలి గాటు పడ్డట్టు అడ్డంగా గాడి. గోరు పెడితే తట్టుకుంటోంది. పసుప్పచ్చగా కనిపిస్తున్నది ఎనామిల్ కాదు, లోపలి డెంటిన్. గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దడం వల్లా, పులుపు వల్లా పైపొర అలా అరుగుతుందట. డెంటిన్ నిండా కంటికి కనపడనంత సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. చలిగాలి తగిలితే ఆ ద్రవం కదిలి నరాన్ని కదుపుతుంది.

ఇక పైన నొప్పికి పళ్లతో సంబంధమే లేదు, అది సైనస్. పై దవడ పళ్ల వేళ్లకు సరిగ్గా పైనే, ముక్కులోకి తెరుచుకునే గాలి గది ఒకటి ఉంటుంది, అదే సైనస్. అక్కడ వాస్తే మనకి పన్ను నొచ్చినట్టే అనిపిస్తుంది. క్యాప్ దాకా వెళ్లి ఉంటే బాగున్న పన్ను అరగదీయించుకుని, నొప్పి అలాగే ఉంచుకునేవాణ్ణి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చెవి ముక్కు గొంతు డాక్టరు ముక్కులోకి స్ప్రే ఇచ్చి, కాచి చల్లార్చిన నీళ్లతో కలిపిన ఉప్పునీటితో ముక్కు కడుక్కోమన్నారు. ముక్కు తెరుచుకున్న కొద్దీ పైపళ్ల బరువు దిగిపోయింది.

కిందివాటికి ఓపిక కావాల్సి వచ్చింది. లోతైన గాళ్లలో పంటి రంగు సిమెంటు నింపారు. మిగతా వాటికి పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు, మెత్తటి బ్రష్. ఆ పేస్టు పూసిన రోజే పనిచెయ్యదు, రెండు వారాలైనా వాడితేనే తేడా తెలుస్తుంది. తోమాక నురుగు ఉమ్మెయ్యాలి గానీ బొక్కెడు నీళ్లతో కడిగేస్తే మందంతా కాలవలోకే.

చలికాలంలో మనం జలుబుకి చేసుకునేవన్నీ పళ్లకి పరీక్షే. పొద్దున్నే నిమ్మరసం, తేనె కలిపిన వేడినీళ్లు తాగి వెంటనే తోముకుంటే, పులుపుకి మెత్తబడ్డ ఎనామిల్‌ని బ్రష్ ఊడ్చేస్తుంది. అరగంట ఆగాలి. జలుబు బిళ్లలకి నోరెండుతుంది, చలికి దాహం వెయ్యదు, పైగా దగ్గు బిళ్ల ఎప్పుడూ బుగ్గలోనే. లాలాజలం తగ్గిన నోట్లో చక్కెర నానుతుంటే పన్ను పుచ్చకేం చేస్తుంది? అమ్మ బెల్లం వేసి ఇచ్చే శొంఠి కషాయం మానలేదు. రోజంతా గుక్కగుక్కగా కాకుండా భోజనమయ్యాక ఒకేసారి తాగుతున్నాను. రాత్రి కుళాయి నీళ్లు ఐసులా ఉన్నాయని మా క్లాసు పిల్లలు తోముకోవడం ఎగ్గొడుతుంటే, గోరువెచ్చని నీళ్లు పెట్టమని వాళ్ల అమ్మలకి చెప్పాను.

ఈ ఏడు కూడా ఘాట్ దిగుతూనే ఉన్నాను, హెల్మెట్ అద్దం దించి, మూతికి మఫ్లర్ చుట్టుకుని. కింద పళ్లు దాదాపు ఊరుకున్నాయి. వేసవిలో ఒక సిమెంటు ఊడితే మళ్లీ పెట్టించుకున్నాను. ముక్కు దూలం కొంచెం వంకరగా ఉందన్నారు. ఆపరేషన్ సంగతి స్కూలు సెలవుల్లో చూసుకోవాలి.