మగణం ఒక్కటీ మిగిలిపోయింది

పూర్వ విద్యార్థుల సభ సంచిక కమిటీవాళ్లు ఫోన్ చేసి, "మన స్కూలు డిపార్టుమెంట్ల గురించీ అప్పటి టీచర్ల గురించీ ఓ రెండు పేజీలు రాయండి" అన్నారు. కోనసీమలో కాలవగట్టు మీది జిల్లా పరిషత్ హైస్కూల్లో డిపార్టుమెంట్లెక్కడివండీ! ఉన్నది ఒక్క స్టాఫ్ రూము. అందులో పొడుగాటి బల్ల ఒకటి, గోడవార నాలుగు బీరువాలు. ఏ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంటే ఆ సబ్జెక్టు వాళ్లది. సైన్సు బీరువాలో గాజు సామాను, సోషల్ బీరువాలో చుట్ట చుట్టిన మ్యాపులు, డ్రిల్లు మేష్టారి బీరువాలో గాలి పోయిన వాలీబాలు. తెలుగు మేష్టారికి మాత్రం బీరువా లేదు. బల్లకి ఆ చివర కుర్చీ ఒకటి, అంతే. అప్పట్లో గ్రేడ్-2 తెలుగు పండితుల జీతం స్కేలు బి.ఎడ్. అసిస్టెంట్ల కంటే తక్కువని, కుర్చీ అంత చివరికి ఎందుకు జరిగిందో ఊహించుకోవచ్చని పెద్దయ్యాక గాని నాకు తట్టలేదు.

మాది 1987 మార్చి బ్యాచి. టెన్త్‌లోకి వచ్చామో లేదో ఆగస్టులో గోదారి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటితేనే మూడో ప్రమాద హెచ్చరిక. 1986లో వచ్చింది సుమారు 35 లక్షలు. గోదారి మధ్య లంకలవాళ్లు మూటాముల్లెతో మన క్లాసురూముల్లోనే తలదాచుకున్నారు. నీళ్లు తీసి మళ్లీ బడి తెరిచిన రోజు సోషల్ మేష్టారు పుస్తకం ముట్టుకోలేదు. నల్లబల్లకి ఎడమ చివర చాక్‌పీసు ఆనించి "ఇది త్ర్యంబకం, గోదారి పుట్టినచోటు" అన్నారు. అక్కణ్నుంచి చెయ్యి ఎత్తకుండా అంతర్వేది దాకా ఒకటే గీత లాగారు. ఆ తర్వాత పైనుంచి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వరసగా తెచ్చి కలిపారు. "చూశారా, మన ఊళ్లో చినుకు పడక్కర్లేదు. ఎక్కడో బస్తరు అడవిలో కురిస్తే నీళ్లు మన గుమ్మంలోకొస్తాయి."

మా బెంచీలో ఓ లంక పిల్ల ఉండేది. "మీ ఇంట్లో ఎందాకా వచ్చిందమ్మా?" అని అడిగారు ఆయన. అది మాట్లాడకుండా లేచి, గోడ దగ్గరికెళ్లి, మునివేళ్ల మీద నిలబడి చెయ్యి పెట్టింది. మేష్టారు అక్కడ చాక్‌పీసుతో అడ్డగీత గీశారు. క్లాసంతా నిశ్శబ్దం. ఆ గీతని ఎవరూ చెరపలేదు. మేము పరీక్షలు రాసి వెళ్లేదాకా అలాగే ఉంది.

సైన్సు మేడంగారు మందారపువ్వు పాఠం రోజున తలా ఒక పువ్వు తెమ్మనేవారు. మగపిల్లలు మా ఇళ్ల పెరళ్ల మీద పడేవారు. సగం పువ్వుల్ని బ్లేడుతో నిలువునా చీరి రక్షకపత్రాలు, ఆకర్షకపత్రాలు, కేసరావళి, అండకోశం విడివిడిగా పరిచేవాళ్లం. మిగతా సగం జడల్లోకి. ఫిజికల్ సైన్సు మేష్టారి హైడ్రోజన్ ప్రయోగానికి జింకు ముక్కలుండేవి, యాసిడ్ ఉండేది కాదు. యాసిడ్ వచ్చిన ఏడాది జింకు ముక్కల్లేవు. కాబట్టి ఆ 'టప్' మన్న శబ్దం మాకు ఆయన నోటితోనే చేసి చూపించారు. పరీక్షలో మాత్రం అందరం 'శబ్దంతో మండును' అని కరెక్టుగానే రాశాం.

హిందీ మేడంగారు బడికి ముందు గంటసేపు హిందీ ప్రచారసభ పరీక్షలకి చదివించేవారు, పైసా పుచ్చుకోకుండా. నేను ప్రాథమిక, మధ్యమ దాటి రాష్ట్రభాషలో ఆగిపోయాను. ఇంగ్లీషు మేష్టారు ఇంగ్లీషుని చక్కటి తెలుగులో చెప్పేవారు. లెక్కల మేష్టారి గురించి రాయాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ఆయనకి నేను గుర్తుండకూడదనే కోరుకుంటాను.

ఇక తెలుగు మేష్టారు. ఆయన పిరియడు మధ్యాహ్నం బెల్లుకి ముందు. అందరికీ కడుపులో ఎలుకలు. ఛందస్సు మొదలెట్టిన రోజు మూడేసి అక్షరాల గణాలు ఎనిమిదింటినీ గుర్తుపెట్టుకునే సూత్రం 'యమాతారాజభానసలగం' బోర్డు మీద రాసి, బరువుగా పలికే అక్షరం గురువుకి బల్ల మీద గుప్పిటతో, తేలిగ్గా పలికే లఘువుకి వేలితో కొట్టమన్నారు. మొదటి బెంచీ తప్ప ఎవరూ కొట్టలేదు. ఆయన మా మొహాలు చూసి, చాక్‌పీసు పక్కన పెట్టి, "ఇవాళ మీ ఇంట్లో ఏం వండార్రా?" అన్నారు.

"గోంగూరండి."

"గోం, గూ, ర. రెండు గురువులు, ఒక లఘువు. తగణం. నీ క్యారేజీలో తగణం ఉందిరా!"

ఇక చూడండి. మజ్జిగ భగణం. పెరుగు నగణం. పాయసం రగణం. పకోడీ యగణం, జిలేబి జగణం. బల్లలు దద్దరిల్లిపోయాయి. వెనక బెంచీవాడొకడు లేచి "వడియం, సగణం!" అని అరిస్తే హెడ్మాస్టరు గుమ్మంలోకొచ్చి తొంగిచూశారు. ఏడు గణాలు తేలాయి. మగణమే దొరకలేదు, మూడూ గురువులే కావాలి కదా. "పూరీలూ" అన్నాను నేను. "ఆ చివరి దీర్ఘం మీ పుట్టింటిదా అమ్మాయ్?" అని నవ్వి, "రేపు చెప్పండి" అన్నారు. బెల్లు కొట్టేశారు. మర్నాడు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

యతిస్థానాలన్నీ మర్చిపోయాను, శార్దూల పద్యానికి పదమూడో అక్షరమన్నది తప్ప. కానీ ఇన్నేళ్లుగా ఏ హోటల్లో మెనూ కార్డు చేతికొచ్చినా వేళ్లు వాటంతటవే బల్ల మీద కొట్టుకుంటాయి. మా పిల్లలకది వింత జబ్బు.

మొన్న సంక్రాంతికి బియ్యప్పిండి మరిగే నీళ్లలో పోసి కలిపి, చల్లారాక ముద్ద చేసుకుని కూర్చున్నాను. సన్నగా పామి, ఉంగరంలా చుట్టి, కొసలు నొక్కి పళ్లెంలో పెడుతున్నాను. పిండి చేతులతోనే పీట మీద కొట్టి చూసుకున్నాను: చే, గో, డీ. మూడూ గుప్పిట దెబ్బలే! కొందరు 'చేగోడి' అని చివర కుదించేస్తారు, అప్పుడది గోంగూర గణంలో కలిసిపోతుంది. మా ఇంట్లో దీర్ఘమే, సొంతంగా తగిలించింది కాదు.

సభకి మేష్టారు వస్తున్నారట. ఎనభై దాటాయి, నమలగలరో లేదో తెలీదు. అయినా డబ్బా నిండా మగణాలు పట్టుకొస్తున్నాను.