ఎర్రగడ్డ రైతుబజారుకి

మంగళవారం, రాత్రి

పొద్దున ఆరింటికే కుళాయి చప్పుడు. అమ్మ పాల ప్యాకెట్ కడుగుతోంది. సబ్బు రుద్ది, నీళ్ల కింద తిప్పి, మళ్లీ సబ్బు. అలా మూడుసార్లు. 2020లో, కరోనా రోజుల్లో అందరం చేసిన పనే. అందరూ మానేశారు, అమ్మ మానలేకపోయింది. 2021 ఏప్రిల్‌లో నాన్న పోయాక మరీ ఎక్కువైంది. ఆఖరి చూపు కూడా సరిగ్గా దక్కలేదు మాకు. కవర్లో చుట్టి దూరం నుంచి చూపించారు, అంతే. "నేనే సరిగ్గా కడగలేదేమోనే" అని ఎన్ని రాత్రులు ఏడ్చిందో.

ఇవాళ సైకాలజిస్టు దగ్గర ఐదో సిట్టింగ్. మెట్లు దిగుతుంటే కింద వాటా పిన్నిగారు ఎక్కడికని అడిగారు. "ఎర్రగడ్డ రైతుబజారుకి" అంది అమ్మ. నా మనసు చివుక్కుమంది. ఎర్రగడ్డ పేరుని తిట్టుగా వాడీ వాడీ, అక్కడి మానసిక ఆసుపత్రికి వెళ్లాలంటే మనుషులు దాక్కునేలా చేశాం. షుగర్ బిళ్ల నలుగురిలోనే వేసుకుంటాం కదా!

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. దారంతా అమ్మ కమ్మీ పట్టుకోలేదు, నా చెయ్యే పట్టుకుంది.

మొదట డాక్టరు మాత్రలు రాశారు. అమ్మది ఓసీడీ, భయంతో చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. దీనికి మందు పట్టడానికి పది పన్నెండు వారాలైనా పట్టొచ్చని ముందే చెప్పారు కాబట్టి మధ్యలో ఆపలేదు. సైకాలజిస్టు పని వేరు. భయం వేస్తే కడుగుతాం, కడగ్గానే హాయిగా ఉంటుంది, ఆ హాయే మళ్లీ కడిగిస్తుంది అని ఆమె చెబుతుంటే నాకూ అప్పుడే అర్థమైంది. ఇవాళ నన్నూ లోపల కూర్చోనిచ్చారు. అమ్మ తలుపు గడియ పట్టుకుని, చేతులు కడగకుండా ఒళ్లో పెట్టుకోవాలి. పగుళ్లిచ్చిన ఆ వేళ్లు వణికాయి. "భయం వందకి ఎంతమ్మా?" "తొంభై." అంతా కాసేపు ఊరుకున్నాం. మళ్లీ అడిగితే ఎనభై. అరగంటకి యాభై. కడగకుండానే తగ్గింది!

నిరుడు ఓ రాత్రి దారి తోచక 14416కి ఫోన్ చేశాను, టెలీ మానస్‌కి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడారు, తొందరపెట్టకుండా విన్నారు. ఆ నంబరు ముందే తెలిసుంటే బాగుండేది.

వస్తూ నిజంగానే రైతుబజారులో గోంగూర కొన్నాం. సాయంత్రం అమ్మ దాన్ని రెండు నీళ్లలో జాడించింది. చెయ్యి సబ్బు దాకా వెళ్లింది. నేను పలకలేదు. కుళాయి కట్టేసి, కొంగుతో తుడుచుకుని, కట్ట నా ముందు పెట్టింది. "లేత ఆకే తుంచు. మీ నాన్నకి కాడలు తగిలితే కంచం ముందు నుంచి లేచిపోయేవారు."

ఇద్దరం ఆకు తుంచుతూ చాలాసేపు నాన్న గురించే మాట్లాడుకున్నాం. ఆసుపత్రి ఊసు రాలేదు.