పాపతో మధురపూడి నుంచి మియాపూర్ దాకా

పాపకి అయిదో నెల వచ్చింది, ఇక హైదరాబాద్ మియాపూర్‌లో మా అత్తారింటికి పంపించాలి అని అమ్మ అన్న రోజు నుంచీ ఇంట్లో ఒకటే చర్చ, రైలా విమానమా అని. నాన్న ఓటు గౌతమి ఎక్స్‌ప్రెస్‌కే. రాత్రి ఎక్కితే పొద్దున్నే లింగంపల్లిలో దిగుతారు, పాప ఎలాగూ నిద్రపోతుంది, ఇంకేం కావాలి అంటారు. పాప నిద్రపోతుందని ఆయనకి ఎవరు చెప్పారో మరి. రాత్రంతా అది ఏడుస్తుంటే ఎత్తుకుని బోగీ తలుపు దగ్గర తిరిగే ఓపిక నాకు లేదు. చివరికి ఏం తేలిందంటే సారె సామానూ నాన్నా ముందురోజు రాత్రి గౌతమిలో, నేనూ అమ్మా పాపా మర్నాడు మధురపూడి, అదే రాజమండ్రి ఎయిర్‌పోర్టు నుంచి విమానంలో.

అమ్మేమో సారె కూడా మనతోనే తీసుకెళ్దాం అంది. అందులో ఎండుకొబ్బరి ఉంది, విమానంలో ఎండుకొబ్బరి ఒప్పుకోరు, నూనె ఎక్కువ కాబట్టి దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల్లో లెక్క వేస్తారు అని చెప్తే నమ్మలేదు. "మన అటక మీద ఇన్నేళ్ళ నుంచీ పడుంది, ఎప్పుడైనా అంటుకుందా?" అంది. కోనసీమలో పుట్టిన మనిషికి కొబ్బరి ప్రమాదకరమైన వస్తువని చెప్పడం నా వల్ల కాలేదు. రైల్లో పంపించాం, గొడవ లేదు.

పొద్దున్న రావులపాలెంలో బయలుదేరి జొన్నాడ వంతెన ఎక్కగానే అమ్మ కారు నెమ్మది చేయించింది. పాప మొదటిసారి గోదారి దాటుతోంది కదా. రూపాయి బిళ్ళ పాప చేతికి తాకించి, దణ్ణం పెట్టుకుని, కిటికీలోంచి విసిరింది. అది రెయిలింగుకి తగిలి రోడ్డు మీదే పడిందని నా అనుమానం. అమ్మకి చెప్పలేదు.

వేమగిరి దాటి మోరంపూడి ట్రాఫిక్‌లో పడ్డాక పాప మొదలుపెట్టింది. కారు ఆగితే ఏడుపు, కదిలితే నవ్వు. డ్రైవరు అబ్బాయి పాపం ఖాళీ కనిపించినప్పుడల్లా కాస్త ముందుకీ వెనక్కీ ఆడించాడు.

చంటిపిల్ల ఉంటే మా టికెట్‌కి వెబ్ చెక్-ఇన్ కాలేదు, కౌంటర్‌కే రమ్మంది. రెండేళ్ళలోపు పిల్లలకి సీటు ఉండదు, మన ఒళ్ళోనే కూర్చోవాలి, ఆ ఒళ్ళో కూర్చున్నందుకు మళ్ళీ విడిగా డబ్బులు. సరే అదొక సంగతి. వయసుకి రుజువు కావాలి. పుట్టినప్పుడు సర్టిఫికెట్లో పేరు లేకుండానే నమోదు చేస్తారు కదా, తర్వాత ఏడాదిలోపు ఎక్కించుకోవచ్చు, ఫీజు ఉండదు. టికెట్ మీద పేరు, సర్టిఫికెట్లో ఖాళీ ఉంటే కౌంటర్ దగ్గర ఏం తిరకాసు వస్తుందోనని నాన్న పోయినవారమే ఆఫీసు చుట్టూ తిరిగి ఆ పని పూర్తి చేయించారు. కౌంటర్లో అమ్మాయి సర్టిఫికెట్ పైనుంచి కిందికి ఒకసారి చూసి, పాపకి కూడా ఒక బోర్డింగ్ పాస్ ఇచ్చింది, సీటు నంబరు లేకుండా. అమ్మ దాన్ని మడత పడకుండా పర్సులో దాచుకుంది.

సెక్యూరిటీ దగ్గర అసలు తమాషా. పాపని కట్టుకున్న క్యారియర్ విప్పమన్నారు. అది విప్పాలంటే వెనక బకిల్ తీయాలి, నా చేతిలో పాప, అమ్మ ఇంకా వెనక లైన్లో. ఎలాగో విప్పి ట్రేలో వేసి, పాపని రెండు చేతుల్తో పట్టుకుని లేడీస్ తెర వెనక్కి వెళ్తే ఆ మేడమ్ డిటెక్టర్ పెట్టగానే 'కుయ్యి'మంది. పాప కాళ్ళకి వెండి కడియాలు. అవి చూసి సరే అంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ 'కుయ్యి'. వెండి మొలతాడు, దానికి రెండు మువ్వలు, ఒక తాయెత్తు. డైపరు పక్కకి లాగి చూపించాను. పాపకి ఆ చప్పుడు తెగ నచ్చేసింది, డిటెక్టర్ పట్టుకుని వదలదు. ఆ మేడమ్ నవ్వు ఆపుకుంటూ బలవంతంగా లాక్కోవాల్సొచ్చింది. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు ఎవరివి అని బయట ఇంకొకాయన. పాపవండీ అంటే, ఒక గుక్క తాగి చూపించమన్నాడు. పొద్దున మరగబెట్టి పోసిన నీళ్ళు, నాలుక కాలింది. పిల్లల పాలూ నీళ్ళూ తినిపించేవీ ప్రయాణానికి సరిపడా తీసుకెళ్ళనిస్తారు, కానీ ఇలా ఒక పరీక్ష ఉంటుందని గుర్తుంచుకుని కాస్త చల్లార్చి పోసుకోవడం మంచిది.

ఆ తర్వాత ఆలస్యం. ఎందుకో చెప్పలేదు, బోర్డు మీద టైము మాత్రం జరుగుతూ పోయింది. నేను లెక్కేసి పట్టుకున్న పాలూ నిద్రా డైపరూ అన్నీ తలకిందులయ్యాయి.

ఏటీఆర్ విమానం కావాలనే చూసి బుక్ చేశాను. చిన్నది, పంకాలు బయటికే కనిపిస్తాయి, చప్పుడు ఎక్కువ, పైన సామాను అర కూడా ఇరుకే. కానీ సీట్లు అటు రెండు, ఇటు రెండు. అంటే నేనూ అమ్మా కూర్చుంటే మధ్యలో మూడో మనిషి ఉండడు, కిటికీ వైపు తిరిగి చున్నీ కప్పుకుని హాయిగా పాలివ్వచ్చు. ఆ చప్పుడు కూడా మంచిదే, పాప ఏడ్చినా నాలుగు వరసల అవతలికి వినపడదు. పాపకి విడిగా చిన్న బెల్టు ఇచ్చారు, దాని కొసన ఉన్న వంకీలోంచి మన బెల్టు దూర్చి పాప నడుముకి పెట్టాలి. ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి వచ్చి సరిగ్గా పెట్టానో లేదో లాగి చూసింది, కాసేపాగి మళ్ళీ వచ్చి చూసింది.

అందరూ నన్ను భయపెట్టింది చెవుల గురించే. విమానం పైకి లేస్తున్నప్పుడూ కిందికి దిగుతున్నప్పుడూ లోపల గాలి ఒత్తిడి మారుతుంది, చెవి లోపలి నుంచి ముక్కు వెనక్కి ఉండే సన్నని గొట్టం తెరుచుకుంటేనే అది సర్దుకుంటుంది, గుటక వేస్తే అది తెరుచుకుంటుంది. మనమైతే ఆవులిస్తాం, పాపకి చెప్పలేం కాబట్టి పాలివ్వాలి. దిగేటప్పుడే ఎక్కువ ఇబ్బంది అని మా పిల్లల డాక్టరు గారు ముందే చెప్పారు. అయితే దిగడం ఎప్పుడు మొదలవుతుందో మనకి తెలీదు, మైకులో చెప్పేసరికి సగం దిగిపోతాం. అందుకని ఎక్కగానే ఆ అమ్మాయిని అడిగి పెట్టుకున్నాను, దిగడం మొదలవగానే ఒకసారి చెప్పమ్మా అని. చెప్పింది కూడా.

పాప ఏం చేసిందంటే, ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ చూసినట్టే నోరు తెరుచుకుని ఆ పంకా చూస్తూ కూర్చుంది. పాలు తాగింది, చూసింది, కాసేపు పడుకుంది. ఏడ్చింది ఒకేసారి, సరిగ్గా బెల్టు లైటు వెలిగాక డైపరు నింపినప్పుడు. లేవడానికి లేదు. ముందు సీటాయన లాప్‌టాప్ మూసి ఒకసారి వెనక్కి తిరిగాడు. అమ్మ ఆయన కళ్ళలోకి చూసి, "చంటిపిల్ల బాబూ" అంది. అంతే, ఆయన మళ్ళీ తిరగలేదు.

విదేశాల్లో కొందరు తల్లిదండ్రులు చుట్టుపక్కల సీట్లవాళ్ళకి చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు సంచీల్లో వేసి, మా పాప ఏడిస్తే క్షమించండి అని చీటీ రాసి మరీ పంచుతారట. నాకిది అస్సలు నచ్చదు. పాప ఏడుపుకి ముందే క్షమాపణ దేనికి? మా విమానంలోనే ఒకాయన దిగేవరకూ ఫోనులో వీడియోలు మోత మోగించాడు, ఆయనేం పంచాడు మాకు?

శంషాబాద్‌లో దిగాక బస్సు. అక్కడ మాత్రం పాప గుక్కపట్టి ఏడ్చింది. నిలబడే బస్సు, ఉన్న నాలుగు సీట్లలో కూర్చున్నవాళ్ళంతా ఫోన్లలో తలదూర్చేశారు. ఒక కాలేజీ కుర్రాడు లేచి, "ఆంటీ కూర్చోండి" అన్నాడు. ఆంటీ అన్నందుకు కాస్త మండింది గానీ కూర్చున్నాను.

ఇక క్యాబ్. నిన్నటి నుంచీ నా బుర్రలో తిరుగుతున్నది ఇదే. విమానంలో పాప బెల్టు ఆ అమ్మాయి రెండుసార్లు లాగి చూసింది. బయటికొచ్చి క్యాబ్ ఎక్కితే, అదే పాప అదే ఒళ్ళో, ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకి 120 కిలోమీటర్ల దాకా వెళ్ళనిస్తారు, ఒక్క మనిషి కూడా బెల్టు మాట ఎత్తలేదు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా అని పెట్టారు. ఆ జరిమానా కట్టినవాళ్ళని నేనైతే చూడలేదు. సడన్ బ్రేకు పడితే ఎంత గట్టిగా పట్టుకున్నా చేతులు ఆపలేవు. నేను డ్రైవరు గారిని నెమ్మదిగా పోనివ్వండి అని అడుగుతూనే ఉన్నాను, ఆయన సరేనమ్మా అంటూనే ఉన్నాడు, స్పీడు ముల్లు మాత్రం తగ్గలేదు. గాల్లో ఉన్న ఆ గంటసేపు నాకు ఇంత టెన్షన్ లేదు.

ఇంటి దగ్గర అత్తయ్య గారు ఎర్రనీళ్ళతో దిష్టి తీసి లోపలికి రానిచ్చారు. నాన్న అప్పటికే భోంచేసి సోఫాలో గురక. గౌతమి కరెక్ట్ టైముకి వచ్చిందట, లేవగానే ఆ మాట రెండుసార్లు చెప్పారు.

రాత్రి మా ఆయనతో కారు సీటు కొందాం అన్నాను. చంటిపిల్లల సీట్లు వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండేలా పెట్టాలి, బెల్టుతో బిగించాలి. మనకి కారే లేదు కదా అన్నారు ఆయన. క్యాబ్‌లో పెట్టుకుందాం, తీసేసుకుందాం అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది, శంషాబాద్‌లో ఎక్కిన క్యాబ్‌లో వెనక బెల్టు తాడు ఉంది గానీ బకిల్ సీటు కవరు కింద ఎక్కడో పూడుకుపోయింది. కొన్నాక కూడా ఎక్కిన ప్రతి క్యాబ్‌లో ముందు కవరు ఊడదీయాలన్నమాట. డ్రైవర్లు ఒప్పుకుంటారా? చూడాలి, సీటైతే ఈ వారంలోనే కొంటున్నాం.