శిఖరం రెండుగా చీలే దాకా

పరిశోధక విద్యార్థిగా నేను చేరిన బృందం భవిష్యత్ అంతరిక్ష టెలిస్కోపుల కోసం ఎక్స్-రే మైక్రోక్యాలరీమీటర్లను (ఒక్కో ఎక్స్-కిరణం శక్తిని అది పుట్టించే వేడితో కొలిచే పరికరాలను) తయారుచేసి పరీక్షిస్తుంది. 1999 నుంచి కక్ష్యలో ఉన్న చంద్రా ఎక్స్-రే అబ్జర్వేటరీలోని సిలికాన్ సీసీడీ (కెమెరా చిప్), ఫోటాన్ (కాంతి కణం) పడగానే విడుదలయ్యే ఎలక్ట్రాన్లను లెక్కపెడుతుంది. ఆ సంఖ్యలో సహజంగా ఉండే హెచ్చుతగ్గుల వల్ల 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది ఫోటాన్ శక్తికి కొలమానం) దగ్గర దాని రేఖ, అంటే ఒకే శక్తి గల ఫోటాన్లు గ్రాఫులో గీసే శిఖరం, 120 ఎలక్ట్రాన్ వోల్టుల కన్నా పెద్దగా సన్నబడదు. మా పరికరం వేడిని కొలుస్తుంది. ఫోటాన్ వల్ల పెరిగే ఉష్ణోగ్రత సుమారు ఒక మిల్లీకెల్విన్ మాత్రమే కనుక, చిప్‌ను 50 మిల్లీకెల్విన్ (పరమశూన్యానికి డిగ్రీలో ఇరవయ్యో వంతు పైన) దగ్గర ఉంచి, అతివాహకత్వం (విద్యుత్ నిరోధమే లేని స్థితి) పోయే అంచున నిలిపిన పలుచని లోహపు పొర నిరోధం ఎంత మారిందో చూస్తాం.

మొదటి చిప్‌ను పాడుచేసింది నేనే. బిగించేటప్పుడు పట్టకారు తగిలి, వెంట్రుక కన్నా సన్నని అల్యూమినియం తీగలు తెగిపోయాయి.

రెండో చిప్ పనిచేసింది, కానీ బాగా కాదు. పరీక్షకు వాడే రేడియోధార్మిక ఐరన్-55 నుంచి మాంగనీసు ఎక్స్-కిరణాలు వస్తాయి. వాటిలో ముఖ్యమైన రేఖ నిజానికి 11 ఎలక్ట్రాన్ వోల్టుల ఎడంతో ఉన్న రెండు రేఖలు. మూడు ఎలక్ట్రాన్ వోల్టుల దాకా రావలసిన మా విభేదన (పరికరం చూపే రేఖ వెడల్పు; ఎంత తక్కువైతే అంత మేలు) తొమ్మిది దగ్గర ఆగిపోవడంతో, నా తెరపై అవి ఒక పక్కకు ఒరిగిన ఒకే గుట్టలా కనిపించాయి. అయస్కాంత కవచాన్ని అనుమానించాను, తర్వాత ఎర్తింగును, ఆపై యాంప్లిఫయరును. ఒక్కో అనుమానం తీర్చుకోవడానికి పరికరాన్ని వేడెక్కనిచ్చి, విప్పి, మళ్లీ చల్లబరచడంతోనే దాదాపు వారం గడిచేది.

చివరికి ఒక సీనియర్ సలహాపై, పరికరాన్ని చల్లబరుస్తూ సెకనుకు ఒకటి రెండుసార్లు కొట్టుకునే పల్స్ ట్యూబ్ కూలరును పది నిమిషాలు ఆపి చూశాను. లోపల వేడెక్కేలోగా దొరికింది కొన్ని వందల ఫోటాన్లే అయినా, గుట్ట రెండుగా చీలడం స్పష్టంగా తెలిసింది. ఆ కూలరు ప్రకంపనే చిప్‌ను అతిస్వల్పంగా వేడిచేస్తూ వచ్చింది. గట్టి రాగి పట్టీల స్థానంలో మెత్తటి రాగి జడలు వేసి, చిప్ ఉండే వేదికను కెవ్లార్ దారాలపై వేలాడదీశాక, కూలరు నడుస్తుండగానే విభేదన 2.8 నమోదైంది.

2023లో జపాన్ నుంచి వెళ్లిన ఎక్స్‌రిజమ్ ఎక్స్-రే టెలిస్కోపు మైక్రోక్యాలరీమీటరులో 36 పిక్సెళ్లున్నాయి, రాబోయే టెలిస్కోపులకు వెయ్యికి పైగా కావాలి. మా కొత్త చిప్‌లో మూలల పిక్సెళ్లు ఇంకా మూడున్నర దగ్గరే ఉన్నాయి. ఈసారి కూలరును ఆపినా తేడా రాలేదు.