కుడిచేయి

ఈ నాలుగు ముక్కలూ కుడిచేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు కోడి గీకినట్టున్నా సరే.

నిరుడు ఒక సాయంత్రం పట్టుజాకెట్టు కత్తిరిస్తుంటే కత్తెర జారిపోయింది. మూతి వంకరపోయింది. "వాతం చేసింది, నూనె రాయండి, తెల్లారాక చూద్దాం" అన్నారు బావగారు. మా ఇల్లు అనంతపురంలోనే, ఆసుపత్రికి ఆటోలో పావుగంట. చేరేసరికి తెల్లవారింది. పక్షవాతమట. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట! మూతి వంకరపోయినా, మాట తడబడినా, చేయి పడిపోయినా నూనె సీసా వెతకకండి. 108కి ఫోను చేయండి.

స్కానింగులు, సెలైన్లు అందరికీ తెలిసినవే. రెండో రాత్రి మాత్రం మరిచిపోలేను. వార్డులో లైట్లు తీసేశాక నా గుండెల మీద ఎవరిదో చేయి. చల్లగా, బరువుగా. భయపడి ఎడమచేత్తో నెట్టాను. గాజులు గలగలమన్నాయి. నా గాజులే. అరవబోతే మాట రాలేదు. తెల్లవార్లూ కదిరి నరసింహస్వామిని తలుచుకున్నాను.

పొద్దున డాక్టరు ఫైలులోంచి తల ఎత్తకుండానే "కుట్టుపని ఇంక మరిచిపోండి" అన్నాడు. నా జడ అల్లిన నర్సమ్మ మాత్రం చల్లగా ఉండాలి.

గాలిమార్పుకని నిమ్మలకుంటలో పెద్దమ్మ కూతురి ఇంటికి వెళ్లాను. ధర్మవరం దగ్గర తోలుబొమ్మల ఊరు. 2020లో పద్మశ్రీ ప్రకటించిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. ఇప్పుడు ఆటకంటే లాంప్‌షేడ్లే ఎక్కువ చేస్తున్నారు. పక్కింటి పెద్దావిడ అరచేతంత మేకతోలు ముక్క ఇచ్చి, "ఊరికే కూర్చోవడమెందుకు, ఒక చిల్లు కొట్టమ్మా" అంది. ఎడమచేత ఉలి, కుడిచేత సుత్తి. మొదటి దెబ్బ గోటి మీద పడింది. సాయంత్రానికి పదకొండు చిల్లులు. ముక్కను కిటికీకి అడ్డం పెడితే పదకొండు వెలుగుచుక్కలు. ఆ రాత్రి నిద్రపట్టింది.

చేయి తిరిగివచ్చింది ఫిజియోథెరపీ వల్లనే, బొమ్మల వల్లనని చెప్పను. కానీ రబ్బరు బంతి నొక్కమంటే ఏడుపొచ్చేది. చిల్లులు కొడుతుంటే పెద్దావిడ కోడళ్ల కబుర్లలో అన్నం వేళ కూడా గుర్తుండేది కాదు.

మొన్న బావగారు వచ్చారు. హనుమంతుడి బొమ్మకు భుజం దగ్గర చేయి కడుతున్నాను. దారం ముడికి నా వేళ్లు చాలలేదు. పట్టుకోమన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. ముడి పడేవరకు వేలు మాత్రం తీయలేదు.